చీమల సాక్ష్యం

మా రోజీ చాలా పరువుగల కుక్క. కుక్కకి పరువేమిటని మీరు నవ్వవద్దు. మా దగ్గర బంధువుల్లో యిద్దరు ముగ్గురికంటె ఆ మాట దానికే బాగా అమరుతుంది. తెల్లని బొచ్చు, నల్లని ముక్కు, 8 కిలోల బరువు. పొద్దున్న అయిదున్నర అయ్యేసరికి వచ్చి నా మంచం పక్కన నిలబడేది. మొరగడం, గీరడం యేమీ లేదు. నా మొహంకేసి చూస్తూ తోక వూపేది, అంతే. నేను చొక్కా తగిలించుకుని గొలుసు తీసుకుంటే, మూడంతస్తుల మెట్లూ దిగి, వీధి చివర ఖాళీ స్థలంలో వేపచెట్టు దగ్గర తన పని చూసుకుని వచ్చేది. మళ్ళీ సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదిన్నరకి. విజయవాడలో ముసురు పట్టి మూడు రోజులు వదలకపోయినా, ఆ వేపచెట్టు చుట్టూ నీళ్ళు నిలిచినా, గుమ్మం లోపల మాత్రం అల్పాచమానం చేసి యెరగదు. పిల్లగా వున్నప్పుడు నెల రోజుల్లో నేర్చుకున్న విద్య. తొమ్మిదేళ్ళు నిలబెట్టుకుంది.

అటువంటి రోజీ రెండేళ్ళ కిందట, శివరాత్రి వెళ్ళిన వారం రోజులకి, హాలు నట్టనడుమ ఒక మడుగు చేసింది.

ఆ మడుగుని నేను కళ్ళతో చూడలేదు. కాలితో కనుక్కున్నాను. తెల్లవారుజామున మంచినీళ్ళకోసం వంటింటికేసి వెళుతూ జర్రున జారి, పెద్ద కేక వేసి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. లైటు వేసి చూస్తే రోజీ సోఫా కిందనుంచి తొంగి చూస్తోంది. చెవులు వెనక్కి వాల్చేసింది. తప్పు చేసినవాడి మొహం యెలా వుంటుందో సరిగ్గా అలాగే వుంది.

"చూశావా, తెలిసే చేసింది!" అన్నాను మా ఆవిడతో.

మొదటి పొరపాటు అక్కడే జరిగింది. కుక్క చెవులు వాల్చి నక్కడం తప్పు ఒప్పుకోవడం కాదట, మన కోపం చూసి భయపడటమట. యీ సంగతి నాకు తరువాత తెలిసింది. ఆనాటికి ఫిర్యాదీని నేనే, జడ్జీని కూడా నేనే.

రెండోనాడు తివాచీ మీద. మూడోనాడు వంటింటి గుమ్మం దగ్గర. నాలుగోనాడు పొద్దున్న వేపచెట్టు దగ్గర పని పూర్తి చేసుకుని వచ్చి, పావుగంట తిరక్కుండా మళ్ళీ హాల్లో. పనిమనిషి తుడుపుగుడ్డ కింద పెట్టి, "అమ్మగారూ, కుక్కదైతే నేను తుడవనండీ" అని ఖచ్చితంగా చెప్పేసింది.

యిక యింట్లో విచారణ మొదలయింది. అప్పుడు మా అమ్మాయి పురిటికి వచ్చి వుంది. మనమడికి రెండు నెలలు. మా ఆవిడ సిద్ధాంతం ప్రకారం యిది అసూయ. "తొమ్మిదేళ్ళనుంచీ యింటికి అదే పసిపిల్ల. యిప్పుడు ఒళ్ళోకి యింకొకడు వచ్చాడు. కసి తీర్చుకుంటోందండీ" అంది. కింది వాటా మాస్టారు వచ్చి, యిల్లంతా కలయజూసి, సోఫా యీశాన్యం మూల వుండటంవల్లనే యిలా జరుగుతోందని సెలవిచ్చారు. సోఫా జరిపాము. రోజీ ఆగ్నేయంలో చేసింది. మా అల్లుడు ఫోనులో, "వయసు మళ్ళితే అంతే మామయ్యగారూ" అన్నాడు. నేను ముప్ఫై యేళ్ళు ఆఫీసులో పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక, యిది వొట్టి క్రమశిక్షణ లోపమని, సూటిగా చెప్పాలంటే పొగరని తేల్చాను.

యెవరికి తెలిసిన గుణం వాళ్ళం దానికి అంటగట్టాము. దాని ఒంట్లో బాగులేదేమో అని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఆనవాళ్ళు లేకపోలేదు. రోజుకి రెండుసార్లు నింపే నీళ్ళ గిన్నె అయిదుసార్లు నింపవలసి వస్తోంది. యెండలు ముదురుతున్నాయి కదా అనుకున్నాము. పెట్టిన అన్నం తిని యింకా గిన్నె నాకుతోంది. ఆకలి పుట్టింది, మంచిదే అనుకున్నాము. నడుము సన్నబడింది. బొచ్చు రాలే కాలం కాబోలు అనుకున్నాము.

క్రమశిక్షణ అన్నాక శిక్ష వుండాలి కదా. పేపరు చుట్టి నేలమీద కొట్టి బెదిరించాను. మెడ పట్టి లాక్కెళ్ళి ముక్కు ఆ తడిలో ఆనించాను. మా చిన్నతనంలో పెరటి కుక్కకి పెద్దవాళ్ళు చేసిన వైద్యమే అది. ఫలితం యేమిటంటే, రోజీ హాల్లో చేయడం మానేసి మంచాల కిందా తలుపుల వెనకా చేయడం మొదలుపెట్టింది. నా అడుగుల చప్పుడు వింటే వణికిపోయేది.

అప్పుడు నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. నీళ్ళు తాగితేనే కదా యీ తంటా! రాత్రి యెనిమిది కాగానే దాని నీళ్ళ గిన్నె తీసి అలమారు మీద పెట్టేశాను. రెండో రాత్రి రెండు గంటల వేళ మెలకువ వచ్చింది. యెక్కడో చప్ చప్ మని చప్పుడు. లేచి వెళ్ళి స్నానాలగది లైటు వేశాను. రోజీ తూము దగ్గర నిలిచిన సబ్బునీళ్ళు నాకుతోంది. నన్ను చూసి గోడకి అంటుకుపోయింది. కాని దాహం భయాన్ని మించినట్టుంది. నా మీంచి చూపు తిప్పకుండానే మళ్ళీ తల వంచి నాకింది.

అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. దాన్ని బయటికి తరిమి, స్నానాలగది తలుపు గడియ పెట్టాను. ఆ గడియ చప్పుడు యిప్పటికీ ఒక్కొక్క రాత్రి నాకు వినబడుతుంది.

మా పెదనాన్నగారబ్బాయికి నూజివీడు దగ్గర మామిడితోట వుంది. తోటలో అయితే యెక్కడ చేసినా అడిగేవాళ్ళు లేరు. ఆదివారం కారులో తీసుకెళ్ళి వదిలిరావడానికి నిశ్చయమైపోయింది. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంది గాని, పసివాడు పాకే నేల కదా, యేమీ అనలేకపోయింది.

శనివారం పొద్దున్న మా అమ్మ నన్ను పిలిచింది. అమ్మకి 78 యేళ్ళు. స్నానం కాగానే వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని దేవుడికి వత్తులు చేసుకోవడం ఆవిడ అలవాటు.

"ఒరేయ్, యిలా రా. యివి చూడు."

వంగి చూశాను. బాల్కనీ తలుపు సందులోంచి చీమలబారు బయలుదేరి, గోడవారగా వచ్చి, భోజనాల బల్ల కింద ఒకచోట గుమిగూడింది.

"యే లడ్డు పొడో పడి వుంటుంది" అన్నాను.

"లడ్డూ కాదు, గిడ్డూ కాదు. రాత్రి రోజీ చేసిన చోటు అది. నిన్న గుమ్మం దగ్గరా యింతే, మొన్న మంచం కిందా యింతే. మీ నాన్నకి మొదట్లో యిలాగే కాదుట్రా? పెరట్లో గోడవార చీమలు పట్టేవి. నేను చూసి పోరు పెడితేనే గుడివాడ వెళ్ళి పరీక్ష చేయించుకున్నారు."

"కుక్కకి షుగరేమిటమ్మా!" అని నవ్వాను.

అమ్మ నవ్వలేదు. చేతిలో దూది ఒళ్ళో పెట్టుకుంది. "చెరువులు చెరువులు తాగుతోంది. యెంత పెట్టినా తింటోంది. నడుము చూడు, పిడికెడయింది. నాకు మొదలైనప్పుడు సరిగ్గా యిదే వరస" అంది. తరువాత వంటింట్లోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నాకూ ఒక్కొక్కరాత్రి స్నానాలగది దాకా ఆగదురా. కోడలు లేచేలోగా దుప్పటి నేనే తడుపుకుని ఆరేసుకుంటున్నాను. నేను పొగరెక్కి చేస్తున్నానా?"

బాల్కనీలో ఆ దుప్పటి ఆరుతూ వుండటం నేను నెలరోజులుగా చూస్తూనే వున్నాను. మడి కోసం ఆరేసుకుంటోందనుకున్నాను.

నేను జవాబు చెప్పలేదు. లేచి వెళ్ళి అలమారు మీంచి గిన్నె దింపి, నిండా నీళ్ళు పోసి రోజీ ముందు పెట్టాను. అది వెంటనే దగ్గరికి రాలేదు. నేను గది దాటి వెళ్ళాక వచ్చి, గిన్నె అడుగు కనబడేదాకా తాగింది.

ఆదివారం నూజివీడు ప్రయాణం ఆగిపోయింది. పశువుల డాక్టరుగారికి ఫోను చేస్తే, పొద్దున్న మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి తెమ్మన్నారు. చెప్పడం తేలికే. వేపచెట్టు దగ్గర నేను పళ్ళెం పట్టుకుని దాని వెనక గొంతుకూర్చుని జరుగుతూ వుంటే, పాలకు వెళ్ళేవాళ్ళంతా నిలబడి చూశారు. మూడో ప్రయత్నానికి పని జరిగింది.

డాక్టరుగారు ఒక కాగితపు పట్టీ అందులో ముంచి, రంగు మారడం నాకు చూపించారు. తరువాత నెత్తురు తీసి చూశారు. ఆరోగ్యంగా వున్న కుక్కకి మామూలుగా 80, 120 మధ్య వుండవలసిన చక్కెర మా రోజీకి 400 దాటింది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

నీళ్ళ గిన్నె దాచిన సంగతి చెప్పకుండా వుండలేకపోయాను. ఆయన కోప్పడలేదు, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. నెత్తుట్లో చక్కెర ఒక హద్దు దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేక బయటికి వదిలేస్తాయి. ఆ చక్కెర వూరికే పోదు, ఒంట్లో నీటిని తనతో లాక్కుపోతుంది. ఒళ్ళు యెండిపోయి దాహం వేస్తుంది. అంటే రోజీ యెక్కువ తాగి పోయడం లేదు, యెక్కువ పోయి తాగుతోంది. నేను ఆపింది తాగడాన్ని. పోవడం ఆగదు. "యింకో వారం అలాగే చేసి వుంటే మీరు తోటకి తీసుకెళ్ళే పని వుండేది కాదు" అన్నారు. కుక్కకి నీళ్ళు యెప్పుడూ ఆపకూడదు, యెంత తాగుతోందో మాత్రం కొలవాలి. మామూలుగా కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు చాలు, 100 దాటితే అనుమానించవలసిందే. రోజీ లెక్కన చూస్తే అరలీటరు మామూలు, 800 మిల్లీలీటర్లు దాటితే డాక్టరు.

"అయితే లోపల తడిచేసిన ప్రతి కుక్కకీ షుగరేనాండీ?" అని అడిగాను.

కాదుట. చీమలు పట్టినంత మాత్రాన షుగరని గాని, పట్టకపోతే లేదని గాని తేల్చకూడదుట. పరీక్షే ప్రమాణం. మూత్రాశయంలో చీము పట్టినా, రాళ్ళు వున్నా మాటిమాటికీ కొంచెం కొంచెంగా పోస్తుంది, ముక్కుతుంది, ఒక్కొక్కప్పుడు నెత్తురు పడుతుంది. మగకుక్క బొట్టు కూడా రాకుండా ముక్కుతూ వుంటే తెల్లవారేదాకా ఆగకూడదు, అది ప్రాణం మీదికి వచ్చిన సంగతి. మూత్రపిండాలు చెడినా యెక్కువ తాగి యెక్కువ పోస్తుంది. గర్భసంచి తీయించిన ఆడకుక్కల్లో కొన్నింటికి ఆ కండరం పట్టు సడలి, పడుకున్నచోటే తెలియకుండా కారిపోతుంది. దానికి మందు వుంది, చాలామటుకు కుదురుతుంది. వయసు మళ్ళిన కుక్కకి మతిమరుపు రావచ్చు. తలుపు దగ్గరికి వెళ్ళి యెందుకు వచ్చానా అని నిలబడుతుంది. కీళ్ళనొప్పులుంటే మెట్లు దిగలేక ఆగిపోతుంది. ఒంట్లో యేమీ లేదని తేలిన తరువాతనే మనసు సంగతి ఆలోచించాలి. దీపావళి టపాకాయల భయం, యిల్లు మారడం, యింట్లోవాళ్ళు పొద్దస్తమానం వదిలివెళ్ళడం, కొత్త మనిషి రాక, యివన్నీ కారణాలే. మగకుక్క కాలెత్తి కుర్చీ కోడుకీ తలుపు మూలకీ కాస్తకాస్త చిలకరిస్తే అది జబ్బు కాదు, హద్దురాళ్ళు పాతుకోవడం. పిల్లకుక్క యజమానిని చూసిన సంతోషంలో వదిలేస్తే అది పెద్దయితే పోతుంది.

"కసి, పొగరు యీ జాబితాలో యెక్కడా లేవేమిటండీ?" అన్నాను.

"అవి మన జాబితాలోవి" అన్నారాయన.

శిక్షవల్ల కుక్క నేర్చుకునేది ఒకటే, మన కంటబడకుండా చేయడం. తుడిచేటప్పుడు అమోనియా ఘాటు వుండే సరుకు వాడకూడదుట. ఆ ఘాటు దాని ముక్కుకి మూత్రంలాగే తగిలి మళ్ళీ అక్కడికే రమ్మంటుందిట. ఆ వాసనని జీర్ణం చేసుకునే ఎంజైము ద్రావకాలు మందుల షాపుల్లోనే దొరుకుతున్నాయి.

మేము లేవబోతూ వుంటే డాక్టరుగారు, "మీ అమ్మగారు ఇన్సులిన్ వాడుతున్నారా?" అని అడిగారు. పదేళ్ళుగా వాడుతోందన్నాను. "అయితే యింట్లో తడిచేసిన ఒక కుక్కకి ఆవిడ ఋణపడి వున్నారు" అని ఒక కథ చెప్పారు. తరువాత నేను పుస్తకాలు తిరగవేసి చూసుకున్నాను. కథ నిజమే.

1889లో స్ట్రాస్‌బర్గు నగరంలో జరిగిందది. యిప్పుడు ఫ్రాన్సులో వున్న ఆ వూరు అప్పట్లో జర్మనీ యేలుబడిలో వుండేది. అక్కడ ఓస్కార్ మింకోవ్‌స్కీ, జోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే యిద్దరు వైద్యులు, ఒంట్లో కొవ్వు అరగడానికి క్లోమగ్రంథి అవసరమా కాదా అని తర్కించుకుని, ఒక కుక్కకి ఆ గ్రంథిని కోసి తీసేశారు. షుగరు సంగతి వాళ్ళ ఆలోచనలోనే లేదు. ఆ కుక్క యింటి మర్యాద తెలిసిన కుక్క. ఆపరేషను తరువాత అది ప్రయోగశాల నేలంతా తడిచేయడం మొదలుపెట్టింది. మింకోవ్‌స్కీ కూడా నాలాగే మొదట కోప్పడ్డాడు. కాకపోతే కుక్క మీద కాదు, దాన్ని వేళకి బయటికి తీసుకువెళ్ళడం లేదని పనివాడి మీద. తాను తీసుకువెళుతూనే వున్నానని, బయట పోసి వచ్చిన కుక్కే లోపలికి రాగానే మళ్ళీ పోస్తోందని ఆ పనివాడు చెప్పుకున్నాడు. ఆ మాటని సాకు అని కొట్టిపారేయకుండా మింకోవ్‌స్కీ ఆ మూత్రం తీసి పరీక్ష చేశాడు. నిండా చక్కెర! మరికొన్ని కుక్కలకి అలాగే చేసి చూసినా అదే ఫలితం. మన వైద్యులు వేల యేళ్ళ కిందటే మధుమేహమని పేరు పెట్టిన రోగానికి మూలం క్లోమంలో వుందని అలా రుజువయింది.

ఆ దారి పట్టుకునే 1921 వేసవిలో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల మీద పనిచేసి క్లోమంలోని సారాన్ని పట్టుకున్నారు. కాలిప్ దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అనే కుర్రవాడికి అది యెక్కించారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకి పస్తు పెట్టి నాలుగురోజులు పొడిగించడం తప్ప వేరే వైద్యం లేదు. 1923లో బాంటింగుకీ, ఆ ప్రయోగశాల అధిపతి మాక్లియాడుకీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కుక్కల్లో చాలావాటికి ప్రాణం కూడా దక్కలేదు.

మింకోవ్‌స్కీ చూసిందీ నేను చూసిందీ ఒకటే, నేలమీద తడి. ఆయన సీసా తెచ్చాడు. నేను పేపరు చుట్టాను.

యింటికి వచ్చి కథంతా అమ్మకి చెప్పాను. ఆవిడ విని, రోజీని దగ్గరికి పిలిచి తల నిమిరి, "నీ జాతివాళ్ళు పెట్టిన భిక్షేనటే నాది" అంది.

అప్పటినుంచి పొద్దున్న యేడింటికీ రాత్రి యేడింటికీ మా యింట్లో ఇన్సులిన్ వేళ. ముందు అమ్మకి, తరువాత రోజీకి. మోతాదులు వేరు, సీసాలు వేరు. వేళకి తిండి, తిన్నాక సూది. సూది మా ఆవిడే వేస్తుంది, నా చెయ్యి వణుకుతుంది. అసూయ సిద్ధాంతం గురించి ఆవిడ మళ్ళీ యెత్తలేదు. మూడు వారాలు తిరిగేసరికి రోజీ లోపల తడిచేయడం మానేసింది. ఆడకుక్కకి యెద వచ్చి వెళ్ళినప్పుడల్లా ఆ మార్పులు ఇన్సులిన్‌కి అడ్డు తగులుతాయని, కాస్త కోలుకున్నాక గర్భసంచి తీసే ఆపరేషను కూడా చేయించారు.

అమ్మనీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆవిడ బి.పి. మాత్రల్లో ఒకటి మూత్రం జారీ చేసేదట. దాన్ని రాత్రినుంచి పొద్దుటికి మార్చారు. మంచం పక్కన కమోడు కుర్చీ వేశాము, రాత్రంతా చిన్న దీపం వుంచుతున్నాము. దుప్పటి తడిసినా యిప్పుడు దాచుకోవడం లేదు, "అమ్మాయ్, యిది వుతుకులో వెయ్యి" అని కోడలితో చెబుతోంది. కోడలు వేస్తోంది.

రోజీకి యిప్పుడు 11 యేళ్ళు. షుగరు వచ్చిన కుక్కల్లో చాలావాటికి కొద్దికాలంలోనే కళ్ళకి శుక్లాలు కమ్ముతాయి. దీనికీ కమ్మాయి, దాదాపు చూపు లేదు. అయినా ముక్కు చాలు దానికి. కుర్చీలు జరపకుండా వుంచితే యిల్లంతా తిరుగుతుంది. యెప్పుడైనా వేళ తప్పి లోపల తడిచేస్తే, నేను ముందు నీళ్ళ గిన్నె చూస్తాను, ఆ తరువాతనే గుడ్డకోసం వెళతాను.

పొద్దున్న అయిదున్నరకి యిప్పటికీ వచ్చి నా మంచం పక్కన నిలబడుతుంది. నా మొహం దానికి కనబడదు. అటేపు తిరిగి తోక వూపుతుంది. నేను లేచి దాన్ని చేతుల్లోకి యెత్తుకుని మూడంతస్తులూ దిగుతాను.